నొప్పి మాత్రలకు లొంగని నొప్పి: నరాల బాధ నిర్ధారణ, చికిత్స

బీబీపేట (కామారెడ్డి జిల్లా): పగలంతా పనిలో గడిచిపోతుంది. రాత్రి పడుకున్న తరువాత అరికాళ్లలో మంట మొదలవుతుంది. దుప్పటి అంచు తగిలినా భరించలేరు. కొందరు కాళ్లకు తడి గుడ్డ చుట్టుకుంటారు, మరికొందరు చల్లని గచ్చుపై పాదాలు ఆనించి తెల్లవారే వరకు కూర్చుంటారు. ఉదయం మందుల దుకాణంలో రెండు నొప్పి మాత్రలు కొనుక్కుని మళ్లీ పనికి వెళతారు. ఈ విధంగా నెలలు, సంవత్సరాలు గడుపుతున్న వారిలో అనేకుల బాధకు మూలం కీళ్లలో గాని, కండరాలలో గాని లేదు. అది స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే నరాలలోనే ఉన్నది. వైద్యశాస్త్రం దీనిని నాడీజనిత నొప్పి అని వ్యవహరిస్తున్నది. దీనిని గుర్తించడానికి తొలి అవసరం ఖరీదైన స్కానింగు కాదు. రోగి చెప్పే మాటలను శ్రద్ధగా వినడం, చేతులను, పాదాలను తాకి చూడడం తొలి అవసరం. ఈ రెండూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే సాధ్యమయ్యే పనులు.

బీబీపేట 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ప్రత్యేక మండలంగా ఏర్పడినది. అంతకు పూర్వం ఈ గ్రామాలు నిజామాబాదు జిల్లా దోమకొండ మండలంలో ఉండేవి. వ్యవసాయంతో పాటు మహిళలు ఇళ్ల వద్ద బీడీలు చుట్టడం ఈ ప్రాంతపు జీవనాధారాలలో ముఖ్యమైనది. నరాల నొప్పి విషయంలో ఇటువంటి ప్రాంతానికి మూడు దిక్కుల నుండి ముప్పు ఉన్నది. ఒకటి దేశమంతటా విస్తరించిన మధుమేహం. రెండవది గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుని చేసే పని. మూడవది అందరూ మరచిపోతున్న కుష్ఠు వ్యాధి.

'నరం' అనే మాటతో వచ్చే చిక్కు

నిర్ధారణలో జరిగే పొరపాట్లకు భాష కూడా కొంత కారణమవుతున్నది. తెలుగు వాడుకలో 'నరం' అనే ఒకే మాట మూడు వేర్వేరు అవయవ భాగాలకు చెల్లుతున్నది. సూది వేసేటప్పుడు "నరం దొరకలేదు" అంటే అక్కడ నరం రక్తనాళం. "మెడ నరం పట్టేసింది" అంటే చాలా సార్లు అది కండరం. స్పర్శజ్ఞానాన్ని మోసుకుపోయే అసలైన నాడికి కూడా అదే పేరు. అందుచేత "నరాల నొప్పి" అని రోగి చెప్పగానే అది నాడీజనిత నొప్పి అని భావించరాదు. "నరాల బలహీనత" అన్న మాట అయితే నీరసం మొదలుకొని నిద్రలేమి వరకు అన్నింటికీ వాడబడుతున్నది. ఆ మాట మీదనే అనేక ప్రకటనల వ్యాపారం నడుస్తున్నది.

అయితే, అదే భాషలో నిర్ధారణకు పనికివచ్చే మాటలు కూడా పుష్కలంగా ఉన్నవి. "అరికాళ్లు సుర్రుమంటున్నయి", "సూదులు పొడిచినట్టయితది", "కరెంటు కొట్టినట్టు జివ్వుమంటది", "చీమలు పాకినట్టుంటది", "తిమ్మిరెక్కి మొద్దుబారింది" అని చెప్పే మాటలు నరాల బాధకు ప్రత్యేకమైనవి. అరిగిన మోకాలు "నడిస్తే నొస్తది", కూర్చుంటే ఉపశమిస్తుంది. నరం నొప్పి విశ్రాంతిలోనే విజృంభిస్తుంది. వీటన్నింటిలో విలువైన మాట మరొకటి ఉన్నది: "చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు." ఈ ఒక్క వాక్యం పాదాలలో స్పర్శ నశించినదని చెబుతున్నది. ఓ.పి. చీటీలో "కాళ్ల నొప్పులు" అని రెండు మాటలు రాసి పంపినట్లయితే ఈ సమాచారమంతా అక్కడే పోతుంది.

ఫ్రాన్స్ వైద్యులు 2005లో ప్రచురించిన డి.ఎన్.-4 అనే ప్రశ్నావళి దాదాపు ఈ మాటలనే అడుగుతుంది. మంట, బాధాకరమైన చలువ, విద్యుత్ ఘాతం, తిమ్మిరి, సూదిపోటు, మొద్దుబారడం, దురద అనే ఏడు లక్షణాలను అడిగి, స్పర్శ తగ్గినదా, సూదిపోటు తెలుస్తున్నదా, బ్రష్షుతో తాకితే నొప్పి వస్తున్నదా అని మూడు పరీక్షలు చేస్తారు. పదింటికి నాలుగు మార్కులు వచ్చినట్లయితే నాడీజనిత నొప్పిగా అనుమానించవలసి ఉంటుంది. దీనికి పట్టే సమయం కొద్ది నిమిషాలు మాత్రమే.

మొద్దుబారిన చోటనే మంట ఎందుకు?

రోగులను, వారి కుటుంబ సభ్యులను కూడా అయోమయానికి గురిచేసే విషయం ఇది. గిచ్చినా తెలియని పాదంలో మంట ఎక్కడి నుండి వస్తున్నది? ముల్లు గుచ్చుకున్నప్పుడు కలిగే నొప్పి శరీరం పంపే హెచ్చరిక. అక్కడ నరాలు సక్రమంగా పనిచేస్తున్నవి. నాడీజనిత నొప్పిలో ఆ హెచ్చరిక వ్యవస్థే దెబ్బతిన్నది. పై తొడుగు చెడిన బోరు మోటారు తీగ మోటారుకు కరెంటును సరిగా చేర్చదు, మధ్యలో మెరుపులు మాత్రం చిమ్ముతుంది. దెబ్బతిన్న నరం కూడా బయటి స్పర్శను మెదడుకు చేర్చలేదు గాని, తనంతట తానే తప్పుడు సంకేతాలను పంపుతూ ఉంటుంది. కాలక్రమంలో వెన్నుపాము, మెదడు కూడా ఈ సంకేతాలకు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. దుప్పటి అంచు కూడా నిప్పులా తోచడానికి కారణమిదే.

పారాసిటమాల్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉన్నది. అవి దెబ్బ, వాపు వంటి వాటి వలన కలిగే నొప్పిని తగ్గించడానికి ఉద్దేశించినవి. దెబ్బతిన్న నరం పంపే తప్పుడు సంకేతాలపై వాటి ప్రభావం నామమాత్రం. డైక్లోఫినాక్ వంటి మందులను దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలు, జీర్ణాశయం దెబ్బతినే ప్రమాదం మాత్రం నిజమైనది. మధుమేహం వలన మూత్రపిండాలు ఇప్పటికే బలహీనపడిన వారికి ఇది ద్విగుణీకృత హాని. "బలానికి సూది", "నొప్పికి సూది" పేరిట స్టెరాయిడ్ మందు ఇచ్చినట్లయితే రక్తంలో చక్కెర పెరిగి, నొప్పికి మూలమైన జబ్బే ముదురుతుంది.

నైలాన్ దారం, శృతిదండం

పాదాల పరీక్షకు రెండు చిన్న పనిముట్లు చాలును. ఒకటి 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం. రోగి కళ్లు మూసుకున్న తరువాత అరికాలిపై నిర్ణీత స్థానాలలో దానిని ఆనించి, తెలుస్తున్నదో లేదో అడుగుతారు. రెండవది 128 హెర్ట్జ్ శృతిదండం. మోగించి బొటనవేలి ఎముకపై ఆనించినప్పుడు కంపనం తెలియకపోవడం పెద్ద నరపు పోగులు దెబ్బతిన్నాయనడానికి గుర్తు. సూదిపోటు, వేడి చల్లదనాల తేడా తెలుస్తున్నదా లేదా అనేది చిన్న పోగుల స్థితిని చెబుతుంది. చీలమండ వద్ద ప్రతిక్రియలను కూడా సుత్తితో చూస్తారు.

ఈ నైలాన్ దారం కథ ఈ ప్రాంతానికి పరాయిది కాదు. మధుమేహ రోగుల పాదాల పరీక్షకు నేడు ప్రపంచమంతటా వాడుతున్న 10 గ్రాముల ప్రమాణం కుష్ఠు వైద్యంలో నుండి వచ్చినది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్లారు. నొప్పి తెలియకపోవడం వలననే కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడుతున్నాయని ఆయన నిరూపించారు. పాదానికి రక్షణనిచ్చే స్పర్శ ఉన్నదో లేదో తేల్చడానికి 10 గ్రాముల దారం సరిపోతుందని కార్విల్ పరిశోధకులు 1986లో ప్రచురించిన అధ్యయనం మధుమేహ వైద్యానికి కూడా ఆధారమైనది.

నరాల వాహక పరీక్ష కొన్ని సందర్భాలలో అవసరమవుతుంది. అయితే ఆ యంత్రం పెద్ద పోగులను మాత్రమే కొలుస్తుంది. మంటను మోసుకుపోయే చిన్న పోగులు మాత్రమే దెబ్బతిన్నప్పుడు ఆ నివేదిక "నార్మల్" అని వస్తుంది. అటువంటి నివేదికను చూసి "నీకేమీ లేదు, అంతా మనసులోనే ఉంది" అని రోగిని పంపివేయడం అన్యాయం. నివేదిక సక్రమంగా ఉన్నంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

మూలకారణం కోసం అన్వేషణ

నరాల బాధ ఉన్నదని తేలిన తరువాత, ఎందుకు వచ్చినదని అడగడం వైద్యుని తదుపరి బాధ్యత. ముందుగా రక్తంలో చక్కెర చూడవలసి ఉంటుంది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన జాతీయ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. పెద్దల్లో వచ్చే రెండవ రకం మధుమేహం అనేక సంవత్సరాలు గుట్టుగా ఉంటుంది గనుక, అరికాలి మంటతోనే జబ్బు బయటపడే వారు కూడా ఉన్నారు. అందుచేత మధుమేహం నిర్ధారణ అయిన రోజే పాదాలను పరీక్షించి, ఆ తరువాత ఏడాదికొకసారి తప్పక చూడవలసి ఉన్నది. 30 సంవత్సరాలు దాటిన వారందరికీ చక్కెర, రక్తపోటు పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగమే. ఆ పరీక్షల సమయంలో చెప్పులు విప్పించి పాదాలు చూడడం అదనపు ఖర్చు లేని పని.

చక్కెర ఒక్కటే కారణమని ఆగిపోరాదు. మధుమేహానికి వాడే మెట్ఫార్మిన్ మాత్ర దీర్ఘకాలంలో బి-12 విటమిన్ను తగ్గిస్తుంది. ఆ లోపం కూడా సరిగ్గా ఇటువంటి తిమ్మిర్లనే కలిగిస్తుంది. మద్యపానం, థైరాయిడ్ లోపం, మూత్రపిండాల వ్యాధి, హెచ్.ఐ.వి., కొన్ని క్యాన్సర్ మందులు కూడా కారణాలే. క్షయకు వాడే ఐసోనియాజిడ్ నరాలను బాధించకుండా దానితో పాటు బి-6 విటమిన్ ఇస్తారు. అదే బి-6 ను అవసరం లేకుండా ఎక్కువ మోతాదులో నెలల తరబడి తీసుకుంటే అదే నరాలను దెబ్బతీస్తుంది. "నరాలకు మంచిది" అని ఎవరికి వారు కొనుక్కునే మాత్రల విషయంలో ఈ సంగతి చాలామందికి తెలియదు.

చక్కెర నియంత్రణ తప్పనిసరి. కాని ఎంతో కాలంగా ఎక్కువగా ఉన్న చక్కెరను కొద్ది వారాలలోనే బాగా తగ్గించినప్పుడు కొందరిలో మంట తాత్కాలికంగా పెరుగుతుంది. ఈ విషయం రోగికి ముందుగా చెప్పకపోతే, మందు పడలేదని భావించి చికిత్సనే మానివేసే ప్రమాదం ఉన్నది.

బీడీ చుట్టే చేతులు, నాట్లు వేసే కాళ్లు

బీడీలు చుట్టే మహిళ ఒడిలో చాట పెట్టుకుని, మెడ వంచి, మణికట్టును, వేళ్లను ఎడతెరపి లేకుండా కదిలిస్తూ ఉంటుంది. మణికట్టు వద్ద ఇరుకైన మార్గంలో మధ్య నాడి నొక్కుకుపోతే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రి మెలకువ వచ్చి చేయి విదిలిస్తే కొంత ఉపశమనం కలగడం దీని ప్రత్యేక లక్షణం. రాత్రివేళ మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కట్టుకోవడం, పని మధ్యలో విరామం తీసుకోవడం తొలి దశలో మేలు చేస్తాయి. బొటనవేలి కింది కండ క్షీణించక మునుపే శస్త్రచికిత్స చేయించుకుంటే ఫలితం బాగుంటుంది. విరామం తీసుకోవాలన్న సలహా చెప్పడం సులభమే. బీడీల లెక్కన కూలి వచ్చే పనిలో విరామమంటే కూలి తగ్గడమేనన్న సంగతిని సలహా ఇచ్చేవారు మరువరాదు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారినట్లయితే అది వేరొక నాడి. అక్కడ మోచేతి వెనుక భాగాన్ని తడిమి చూడాలి. నరం తాడులా లావెక్కి ఉంటే కుష్ఠు వ్యాధిని అనుమానించవలసిందే. ఏ వేళ్లు అన్న చిన్న ప్రశ్న రెండు పూర్తిగా భిన్నమైన జబ్బులను వేరుచేయగలుగుతున్నది.

నాట్లు, కలుపుతీతల కాలంలో చాలాసేపు గొంతుక్కూర్చునే వారిలో మోకాలి పక్కన నరం నొక్కుకుపోయి పాదం పైకి లేవని స్థితి ఏర్పడవచ్చు. దీనిని పక్షవాతంగా పొరబడుతుంటారు.

డిచ్‌పల్లి నేర్పిన పాఠం

కామారెడ్డి నుండి నిజామాబాదు వెళ్లే 44వ జాతీయ రహదారిపై ఉన్న డిచ్‌పల్లికి కుష్ఠు వైద్య చరిత్రలో ప్రముఖ స్థానమున్నది. స్కాట్లాండ్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజాం పాలనా కాలంలో అక్కడ కుష్ఠు ఆసుపత్రిని నెలకొల్పారు. అప్పటికి ఉన్న మందు చాల్‌మూగ్రా జాతి నూనె సూదులు మాత్రమే. 1932లో ఇసబెల్ కెర్ మరణించే నాటికి దూరప్రాంతాల నుండి కూడా రోగులు డిచ్‌పల్లికి వస్తుండేవారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత వ్యాధి పూర్తిగా నయమయ్యేదిగా మారినది. 2005 డిసెంబరు నాటికి జాతీయ స్థాయిలో వ్యాధి 10 వేల మందికి ఒకరి కంటే తక్కువకు తగ్గినది. ఆ ప్రకటనను చాలామంది వ్యాధి పూర్తిగా అంతరించినదని అర్థం చేసుకున్నారు. అది సరికాదు. కొత్త కేసులు నేటికీ నమోదవుతున్నవి.

కుష్ఠు అంటే స్పర్శ లేకపోవడమే గాని నొప్పి ఉండదన్న అభిప్రాయం వైద్య సిబ్బందిలో కూడా ఉన్నది. ముంబైలో చికిత్స పూర్తయిన 101 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 22 మందికి నాడీజనిత నొప్పి ఉన్నట్లు తేలినది. అంటే క్రిమి నశించిన తరువాత కూడా నరం బాధిస్తూనే ఉండవచ్చును. "మందుల కోర్సు అయిపోయింది గదా" అని వీరిని తిప్పి పంపరాదు. చికిత్స కాలంలో గాని, తరువాత గాని నరం ఉన్నట్టుండి వాచి నొప్పి వస్తే, బలం తగ్గితే అది అత్యవసర స్థితి. వెంటనే వైద్యుని పర్యవేక్షణలో ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినట్లయితే చేయి వంకరపోకుండా, కాలు పడిపోకుండా కాపాడే అవకాశమున్నది. ఇతర నరాల నొప్పులలో హాని చేసే స్టెరాయిడ్ ఇక్కడ అవయవాన్ని నిలబెట్టే మందు కావడం గమనార్హం. నిర్ధారణ ముందు, మందు తరువాత అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

సర్పి, ముఖ నరపు నొప్పి

సర్పి పొక్కులు ఎండిపోయిన మూడు నెలల తరువాత కూడా అదే పట్టీలో మంట నిలిచి ఉంటే అది నరాల నొప్పిగా మారినట్లే. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడితే జబ్బు త్వరగా తగ్గుముఖం పడుతుంది. మంత్రాలు, పసర్లతో గడిపేవి సాధారణంగా ఆ మూడు రోజులే. కంటి దగ్గర పొక్కులు వస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు. ముఖంలో ఒకవైపు మెరుపులా వచ్చే నొప్పి పంటి నొప్పిగా భ్రమింపజేస్తుంది. పళ్లు పీకించుకున్న తరువాత కూడా నొప్పి అలాగే ఉన్నదని వచ్చేవారు ఉంటారు. దీనికి కార్బమజిపైన్ ప్రధాన ఔషధం. దానితో ఒంటిపై దద్దురు వస్తే వెంటనే మానివేసి వైద్యుని కలవాలి.

మందుల నుండి ఏమి ఆశించవచ్చు?

నాడీజనిత నొప్పికి ప్రధానంగా మూడు తరగతుల మందులు వాడుకలో ఉన్నవి: అమిట్రిప్టిలిన్ వంటివి, గాబాపెంటిన్, ప్రిగాబలిన్ వంటివి, డులోక్సెటిన్ వంటివి. అమిట్రిప్టిలిన్ చవకైనది, ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నది. దానిని రాత్రిపూట 10 మిల్లీగ్రాముల వంటి స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతారు. ఇది మానసిక కుంగుబాటుకు కూడా వాడే మందు. చీటీలో దాని పేరు చూసిన మందుల దుకాణదారు "ఇది మెంటల్ మాత్ర" అని ఒక మాట అంటే చాలును, రోగి దానిని అటక మీద పెడతాడు. ఇక్కడ వాడుతున్నది నరాల సంకేతాలను నెమ్మదింపజేయడానికని వైద్యుడు ముందే వివరించాలి.

ఫలితం విషయంలో అతిశయోక్తి తగదు. 2015లో అంతర్జాతీయ నిపుణులు అనేక ప్రయోగాలను క్రోడీకరించగా, అమిట్రిప్టిలిన్ తరగతి మందును సుమారు 3.6 మందికి ఇస్తే ఒకరికి, ప్రిగాబలిన్ను 7.7 మందికి ఇస్తే ఒకరికి, ఉత్తుత్తి మాత్ర వలన కలిగే ఉపశమనానికి అదనంగా, నొప్పి సగానికి తగ్గినట్లు తేలినది. అంటే తొలి మందు పనిచేయకపోవడం అసాధారణం కాదు. సరైన మోతాదులో కొన్ని వారాలు వాడి చూసి, లాభం లేకుంటే మరొక తరగతికి మారడం లేదా రెండింటిని కలపడం పద్ధతి. నాలుగు రోజులకే మందు మార్చడం, డాక్టర్లను మార్చడం వలన ప్రయోజనం లేదు.

దుష్ఫలితాలు కూడా ఉన్నవి. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోవడం, మగత, మూత్రం బిగపట్టడం కలుగవచ్చు. వృద్ధులలో, గుండె జబ్బు, నీటికాసులు ఉన్నవారిలో జాగ్రత్త అవసరం. ప్రిగాబలిన్‌తో తల తిరగడం, కాళ్ల వాపు రావచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే దాని మోతాదు తగ్గించాలి. ఏ మందునూ ఉన్నట్టుండి మానరాదు.

నొప్పి తగ్గినదని పాదం కోలుకున్నట్లు కాదు. స్పర్శ లేని పాదానికి రోజూ రాత్రి వెలుతురులో అరికాలు చూసుకోవడం, పొలానికి కూడా చెప్పులతో వెళ్లడం, చెప్పులో రాయి ఉన్నదేమో చేతితో తడిమి వేసుకోవడం మందుతో సమానం. మంట చల్లారుతుందని వేడి నీటిలో కాళ్లు పెట్టడం, కాపడం పెట్టడం వలన కాలి బొబ్బలెక్కినా తెలియదు. అవే పుండ్లుగా మారి, కొందరిలో వేళ్లు తొలగించే వరకు దారితీస్తున్నవి.

దీర్ఘకాలం నిద్రకు దూరమైన వారిలో కుంగుబాటు సహజం. దానికి కూడా చికిత్స అవసరం. 14416 టెలీ-మానస్ నంబరుకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చును.

ప్రకటనల విషయంలో పత్రికల బాధ్యత

మధుమేహాన్ని, కుష్ఠును, పక్షవాతాన్ని నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి ఔషధాలు, అద్భుత నివారణల చట్టం ప్రకారం నేరం. ప్రకటన ఇచ్చిన వారితో పాటు దాని ప్రచురణలో పాలుపంచుకున్న వారికి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. "నరాల బలహీనతకు శాశ్వత పరిష్కారం" వంటి కరపత్రాలు, స్థానిక ఛానళ్ల స్క్రోలింగులు ఈ చట్టం పరిధిలోకి వస్తాయా అన్నది ఒక్కొక్క ప్రకటనను చూసి తేల్చవలసినదే అయినా, విలేకరులు, అధికారులు దీనిని దృష్టిలో ఉంచుకోవడం అవసరం.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

తొలి పరీక్ష సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగవలసి ఉన్నది. నిపుణుని సలహా కోసం ఈ-సంజీవని దూరవైద్య సేవను వినియోగించుకోవచ్చును. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనందున ఇదివరకు హైదరాబాదుకు వెళ్లవలసి వచ్చిన కొందరికి ప్రయాణం తగ్గే అవకాశం కలిగినది. క్లిష్టమైన కేసులకు హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల నాడీ వైద్య విభాగాలు ఉన్నవి.

పాదం గాని, మణికట్టు గాని ఉన్నట్టుండి వేలాడిపోవడం, కనురెప్ప మూతపడకపోవడం, నడుము నొప్పితో పాటు మల మూత్రాలపై అదుపు తప్పడం లేదా తొడల మధ్య స్పర్శ పోవడం, తిమ్మిరి గంటల వ్యవధిలో కాళ్ల నుండి పైకి పాకుతూ బలం తగ్గడం, స్పర్శ లేని పాదంపై పుండు ఏర్పడి ఎర్రబారడం వంటి లక్షణాలు కనిపించినప్పుడు మరుసటి రోజు ఓ.పి. వరకు వేచి ఉండక 108 వాహనంలో వెంటనే ఆసుపత్రికి తరలించాలి.